వాంపైర్ కార్డుల ఆట: బల్ల దగ్గర తగువు తెచ్చే నియమాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, పాలకొల్లు, రాజోలు, నరసాపురం వైపు నుంచి సెలవు రోజుల్లో ఒకచోట చేరి ‘వాంపైర్: ది ఎటర్నల్ స్ట్రగుల్’ ఆడుకునే వాళ్ల కోసం రాసినవి ఈ జవాబులు. ఆట మొదటి నుంచి నేర్పే ఉద్దేశం లేదు. రూల్‌బుక్ ఒకసారి చదివి, రెండు మూడు ఆటలు ఆడి, ఎక్కడో ఒకచోట గొంతు పెంచిన వాళ్లకే ఇది పనికొస్తుంది.

రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ఈ ఆట 1994లో ‘జిహాద్’ పేరుతో వచ్చింది. మరుసటి ఏడాది పేరు మారింది. 2010లో ముద్రణ ఆగిపోయి, 2018 నుంచి బ్లాక్ చాంట్రీ ప్రొడక్షన్స్ చేతుల మీదుగా మళ్లీ నడుస్తోంది. అందుకే మన పెట్టెల్లో పాత కార్డులూ కొత్త కార్డులూ కలిసి ఉంటాయి. తగువుల్లో కొన్ని ఆ కలగలుపు వల్ల వస్తాయి. ఎక్కువ భాగం మాత్రం ‘ఇప్పుడు అవకాశం ఎవరిది?’ అని అడగకుండా కార్డు పడేయడం వల్ల వచ్చేవే.

నా కార్డు మీద ‘ట్యాప్’ అని ఉంది, ఎదుటివాళ్ల కార్డు మీద ‘లాక్’ అని ఉంది. రెండూ ఒకటేనా?

ఒకటే. పాత కార్డుల్లో ట్యాప్, అన్‌ట్యాప్ (వాడిన కార్డును పక్కకు తిప్పడం, మళ్లీ నిలబెట్టడం) అన్నవే ఇప్పటి లాక్, అన్‌లాక్. ఒకే పేరున్న కార్డు రెండు ముద్రణల్లో రెండు రకాలుగా రాసి ఉంటే కొత్త పాఠమే చెల్లుతుంది. పాతది చేతిలో ఉన్నవాళ్లు ‘నా కార్డులో ఇలాగే ఉంది’ అని పట్టుబట్టకూడదు. ఇక కార్డుకూ రూల్‌బుక్‌కూ పొసగకపోతే కార్డుదే పైచేయి.

జిహాద్ కాలపు కార్డుల వెనక బొమ్మ వేరుగా ఉంటుంది. వాటిని కలిపి ఆడాలంటే వెనక వైపు కనిపించని కవర్లు వేసుకోండి. ఎలాగూ మన వానాకాలపు చెమ్మకు కవరు లేని కార్డు నాలుగు రోజుల్లో వంకర తిరుగుతుంది.

పేకాటలో లాగా ప్రతి వంతుకూ ఒక కార్డు తీసి ఒకటి వేయాలా?

అక్కర్లేదు. రమ్మీ ఆడి ఆడి వచ్చిన వాళ్లు మొదటి గంటలో పడే తడబాటు ఇదే. ఇక్కడ చేతిలో ఎప్పుడూ ఏడు కార్డులుంటాయి. ఒక కార్డు ఆడిన వెంటనే, అది ఎవరి వంతు అయినా సరే, లైబ్రరీ (ఆడే కార్డుల కట్ట) నుంచి ఇంకొకటి తీసుకోవాలి. కార్డు మీద ఇప్పుడే తీసుకోవద్దని ఉంటే తప్ప ఆగకూడదు. పనికిరాని కార్డును వదిలించుకోవడానికి మీ వంతు చివర డిస్కార్డ్ ఫేజ్‌లో ఒక్క అవకాశం ఉంటుంది, అంతే. కాబట్టి పనికిరానివి చేతిలో పేరుకుపోతే తప్పు డెక్ కట్టినవాళ్లది.

వాంపైర్ రక్తానికీ, ఆటగాడి ప్రాణమైన పూల్‌కూ అవే గింజలు వాడుతున్నాం. వాంపైర్ మీద ఉన్న గింజలను అవసరానికి నా పూల్‌లోకి తీసుకోవచ్చా?

కుదరదు. ఆట మొదలయ్యేటప్పుడు ప్రతి ఒక్కరికీ 30 పూల్. అందులోంచి గింజలు తీసి అన్‌కంట్రోల్డ్ ప్రాంతంలోని (ఇంకా బయటికి రాని) వాంపైర్ మీద పెడతారు. సామర్థ్యానికి సరిపడా చేరగానే ఆ వాంపైర్ బయటికి వస్తుంది, ఆ గింజలు దాని రక్తం అవుతాయి. నారుమడిలో చల్లిన విత్తనాలు మళ్లీ గాదెకు రావు కదా, ఇదీ అంతే. బ్లడ్ డాల్ లాంటి మాస్టర్ కార్డు (వాంపైర్ కాక ఆటగాడే ఆడేది) ఉంటేనే వాంపైర్ మీది రక్తం కొద్దికొద్దిగా పూల్‌కు తిరిగి వస్తుంది.

వాంపైర్ ఇంకా బయటికి రాకముందు మనసు మార్చుకుంటే దారి ఉంది, కానీ ఖరీదైనది. ఒక గింజ పైన పెట్టడానికి ఒక ట్రాన్స్‌ఫర్ (గింజలు కదపడానికి వంతుకు ఇన్ని అని దొరికే అవకాశం) చాలు, వెనక్కి తెచ్చుకోవడానికి రెండు కావాలి. నాలుగు ట్రాన్స్‌ఫర్లూ ఖర్చు పెట్టి, ఒక పూల్ కాల్చేస్తే క్రిప్ట్ (వాంపైర్ల కట్ట) నుంచి కొత్త వాంపైర్ ఒకటి అన్‌కంట్రోల్డ్ ప్రాంతంలోకి వస్తుంది.

గింజల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఎర్రగా, నల్లటి కన్నుతో రక్తపు చుక్కల్లా ఉంటాయని చాలామంది గురివింద గింజలు వాడుతున్నారు. చూడటానికి ఈ ఆటకోసమే పుట్టినట్టుంటాయి. కానీ అవి విషం. గట్టి పొట్టు ఉన్నంతసేపు ఫర్వాలేదు, చిట్లిన గింజను పిల్లలు నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. చింతపిక్కలు వాడండి. బల్ల మీద చప్పుడు కూడా బాగుంటుంది.

మొదట ఆడేవాడికి ఒక్క ట్రాన్స్‌ఫరే ఎందుకు?

ముందు మొదలుపెట్టే లాభాన్ని తగ్గించడానికి. మొదటి రౌండులో మొదటివాడికి 1, రెండోవాడికి 2, మూడోవాడికి 3, ఆ తర్వాత కూర్చున్నవాళ్లకు 4. రెండో రౌండు నుంచి అందరికీ 4. వాడకపోతే పోతాయి, పోగుచేసి పెట్టుకోవడం లేదు.

ఈ వంతులోనే బయటికి వచ్చిన వాంపైర్ బ్లాక్ చేయవచ్చా?

చేయవచ్చు. అన్‌లాక్ అయి ఉండగానే వస్తుంది కాబట్టి పక్కవాడి వంతులో అడ్డం నిలబడవచ్చు. తను చర్య చేయాలంటే మాత్రం మీ తర్వాతి వంతు దాకా ఆగాలి, ఎందుకంటే వాంపైర్లను బయటికి తెచ్చే ఇన్‌ఫ్లుయెన్స్ ఫేజ్, చర్యలు చేసే మినియన్ ఫేజ్ తర్వాత వస్తుంది.

నా చర్యను ఎవరు బ్లాక్ చేయవచ్చు? బల్ల దగ్గర అందరూ ఒకేసారి ‘నేను చేస్తా’ అంటున్నారు.

ముందు ఆ చర్య ఎవరి మీదికో చూడండి. కార్డు మీద ‘డి’ గుర్తు ఉన్నదీ, బ్లీడ్ (ఎదుటివాడి పూల్ తగ్గించడం) లాంటిదీ ఒక ఆటగాడిని లక్ష్యం చేసుకున్న చర్య. దాన్ని ఆ ఆటగాడు మాత్రమే బ్లాక్ చేయగలడు. మీరు మీ ప్రే (ఎడమ పక్క కూర్చున్న, మీరు వేటాడే ఆటగాడు) మీద బ్లీడ్ చేస్తుంటే, కుడి పక్క కూర్చుని మిమ్మల్ని వేటాడే మీ ప్రెడేటర్‌కు అందులో వేలు పెట్టే హక్కు లేదు. ప్రత్యేకంగా అనుమతి ఇచ్చే కార్డు ఉంటే అది వేరే సంగతి.

ఎవరి మీదికీ కాని చర్యలున్నాయి. వేట, ఆయుధం తగిలించుకోవడం, అనుచరుడిని చేర్చుకోవడం, రాజకీయ చర్య. వీటిని మీ ప్రే, ప్రెడేటర్ ఇద్దరూ అడ్డుకోవచ్చు. అవకాశం ముందు ప్రేకు, తర్వాత ప్రెడేటర్‌కు. ఇక్కడ గోదావరి జిల్లాల మర్యాద ఆటను పాడుచేస్తుంది. ‘ముందు మీరు కానివ్వండి’, ‘అబ్బే, మీరే కానివ్వండి’ అని ఇద్దరూ అనుకుంటూ కూర్చుంటారు. అవకాశం ఇచ్చిపుచ్చుకోవడానికి లేదు. ప్రే ‘చేయను’ అన్నాక ఆ మాట ఖాయం. ప్రెడేటర్ కూడా వద్దన్నాక ‘అయితే నేనే చేస్తాను’ అంటే చెల్లదు.

స్టెల్త్ (చర్యను దాచే బలం) కార్డు ముందే వేసి పెట్టుకోవచ్చా?

ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు తెలిస్తే సగం గొడవలు పోతాయి. వేయకూడదు. స్టెల్త్ కార్డు అవసరం వచ్చినప్పుడే వేయాలి. అవసరం అంటే, ఎదుటివాడు ఫలానా మినియన్‌తో (వాంపైర్ లాంటి, చర్యలు చేసే కార్డుతో) బ్లాక్ చేస్తున్నానని ప్రకటించి ఉండాలి, వాడి ఇంటర్‌సెప్ట్ (పసిగట్టే బలం) మీ స్టెల్త్‌తో సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ఇంటర్‌సెప్ట్‌కూ ఇదే సూత్రం. బ్లాక్ ప్రయత్నం నడుస్తూ, ఎదుటివాడి స్టెల్త్ మీ ఇంటర్‌సెప్ట్ కంటే ఎక్కువగా ఉన్నప్పుడే ఇంటర్‌సెప్ట్ కార్డు వేయగలరు. సమానమైతే బ్లాక్ అయినట్టే, ఇది గుర్తుంచుకోండి.

ఒక్కసారి నిదానంగా చూద్దాం. మీ వాంపైర్ బ్లీడ్ చేస్తోంది. స్టెల్త్ సున్నా. ప్రే తన వాంపైర్‌తో బ్లాక్ అన్నాడు. ఇంటర్‌సెప్ట్ సున్నా. సున్నాకు సున్నా సమానం, బ్లాక్ నిలుస్తుంది. ఇప్పుడు మీకు అవసరం వచ్చింది కాబట్టి ‘క్లోక్ ద గ్యాదరింగ్’ వేశారు. స్టెల్త్ 1. ఇప్పుడు అవసరం వాడిది. ‘ఎన్‌హాన్స్‌డ్ సెన్సెస్’ వేశాడు. ఇంటర్‌సెప్ట్ 1. మళ్లీ సమానం. మీ చేతిలో ఇంకో క్లోక్ ఉంది, కానీ అదే వాంపైర్ అదే చర్యలో ఒకే పేరున్న మాడిఫయర్ (చర్యకు బలం చేర్చే కార్డు) రెండోసారి వేయకూడదు. ‘లాస్ట్ ఇన్ క్రౌడ్స్’ ఉంటే వేయవచ్చు. మీ వాంపైర్‌కు ఆబ్‌ఫ్యుస్కేట్ అనే శక్తి పైస్థాయిలో ఉంటే దాంతో 2 వస్తాయి, మొత్తం 3. ఒకటి చాలిన చోట రెండు వచ్చాయని అభ్యంతరం చెప్పకూడదు, అవసరం ఉండగా వేసిన కార్డు ఎంత ఇస్తే అంతా మీదే.

ఇందులోంచి ఇంకో సంగతి తేలుతుంది. ఎవరూ బ్లాక్ చేయకపోతే చేతిలోని స్టెల్త్ కార్డులు చేతిలోనే ఉండిపోతాయి. ‘వాడు బ్లాక్ చేయలేదు, నా కార్డులు కదలడం లేదు’ అని ఏడవడం ఆటలో భాగమే. తెలివైన ప్రే కొన్నిసార్లు కావాలనే బ్లాక్ చేయకుండా ఒకటి రెండు పూల్ పోగొట్టుకుంటాడు, మీ చేయి బిగుసుకుపోవాలని.

రాజకీయ చర్యకూ వేటకూ పుట్టుకతోనే 1 స్టెల్త్ ఉంటుంది. ఆయుధమో అనుచరుడో ఇచ్చే శాశ్వత ఇంటర్‌సెప్ట్ ఎప్పుడూ లెక్కలో ఉంటుంది. వీటికి ‘అవసరం’ నియమంతో పని లేదు.

లాక్ అయి ఉన్న వాంపైర్‌తో బ్లాక్ చేశాడు. ఇది మోసం కాదా?

‘ఆన్ ద కీ వీవ్’ లాంటి మేలుకొలుపు కార్డు వేశాడా? వేస్తే లాక్ అయిన వాంపైర్ కూడా రియాక్షన్ కార్డులు ఆడుతుంది, బ్లాక్‌కూ ప్రయత్నిస్తుంది. వేయకపోతే మోసమే.

గవర్న్ ద అన్‌అలైన్డ్, కండిషనింగ్, బాండింగ్ మూడూ ఒకే బ్లీడ్‌కు వాడవచ్చా?

మొదటి రెండూ వాడవచ్చు. మామూలు బ్లీడ్ 1. గవర్న్ యాక్షన్ కార్డు, అది 2 కలుపుతుంది. డామినేట్ అనే శక్తి పైస్థాయిలో ఉంటే కండిషనింగ్ 3 కలుపుతుంది. మొత్తం 6. అమ్మో అనిపిస్తుంది గానీ నియమం ప్రకారం సరైనదే. బాండింగ్ కలపడానికి కుదరదు, ఎందుకంటే బ్లీడ్ పెంచే ఈ మాడిఫయర్లు ‘లిమిటెడ్’ అని రాసినవి. ఒక చర్యలో అలాంటిది ఒక్కటే. బాండింగ్‌ను పైస్థాయిలో స్టెల్త్ కోసం వాడితే అది వేరే ఫలితం, దానికి అడ్డు లేదు.

అసలు చిక్కు కండిషనింగ్ ఎప్పుడు వేయాలన్నదే. బ్లాక్ చేయనని ప్రే చెప్పేశాడు. ఇప్పుడు మొదటి అవకాశం చర్య చేస్తున్న మీది. మీరు వేస్తే బ్లీడ్ 6 అవుతుంది, వాడు దాన్ని తిప్పికొడితే 6 మొత్తం ఇంకొకరి నెత్తిన పడుతుంది. అందుకని ‘ముందు వాడేం చేస్తాడో చూద్దాం’ అని మీరు ఊరుకుంటారు. అవకాశం వాడికి వెళ్తుంది. వాడు కూడా ఊరుకుంటే? అది వరుసగా మిగతావాళ్లకు వెళ్తుంది. అందరూ ఊరుకుంటే చర్య 3 దగ్గరే తేలిపోతుంది. కండిషనింగ్ మీ చేతిలోనే మిగిలిపోతుంది. ‘ఆగండి, నేను ఇంకా వేయలేదు’ అంటే వినేవాళ్లు ఉండరు, ఉండకూడదు. వాడు ఏదైనా కార్డు వేస్తే మాత్రం మొదటి అవకాశం మళ్లీ మీకే వస్తుంది.

నా మట్టుకు నాకు ఈ ఆట మొత్తంలో అందమైన క్షణం ఇదే. ఇద్దరూ చేతిలో కార్డులు సర్దుకుంటూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా, టీ గ్లాసు వైపు చూస్తూ ఉంటారు.

డిఫ్లెక్షన్ వేసి బ్లీడ్‌ను నా మీదికి మళ్లించారు. నేను బ్లాక్ చేయవచ్చా? గెలుపు పాయింటు ఎవరికి?

డిఫ్లెక్షన్ బ్లాకులు వద్దనుకున్న తర్వాతే వేయాలి. చర్య చేస్తున్న ఆటగాడి మీదికి తిప్పడానికి లేదు, మిగతా ఎవరి మీదికైనా తిప్పవచ్చు. కొత్త లక్ష్యం మీరైతే బ్లాక్ చేసే అవకాశం మీకు కొత్తగా వస్తుంది. అప్పటికే వేసిన స్టెల్త్, పెంచిన బ్లీడ్ అలాగే ఉంటాయి. బ్లీడ్ చేస్తున్నవాడు ఇప్పుడు కూడా పెంచవచ్చు. మీ దగ్గర డిఫ్లెక్షన్ ఉంటే మీరూ ఇంకొకరి మీదికి తోసేయవచ్చు, ముందు మీ మీదికి పంపినవాడి మీదికే అయినా సరే.

పాయింటు సంగతి. ఎవరు బ్లీడ్ చేశారు, ఎవరు మళ్లించారు అన్నది లెక్కలోకి రాదు. పూల్ సున్నా అయి బయటికి పోయినవాడి ప్రెడేటర్ ఎవరో వాళ్లకే ఒక విక్టరీ పాయింటు, 6 పూల్. అంటే ఏమీ చేయకుండా పక్కన కూర్చున్నవాడి ఒళ్లో బహుమతి పడవచ్చు. బ్లీడ్ చేసినవాడికి ఎడ్జ్ అనే చిన్న ఆధిక్యం మాత్రం దక్కుతుంది. డిఫ్లెక్షన్ వేసే ముందు ఎవరి పూల్ ఎంతుందో ఒకసారి గింజలు లెక్కపెట్టుకోండి. పూల్ రహస్యం కాదు, అడిగితే చెప్పాల్సిందే.

బ్లీడ్‌ను సున్నాకు తగ్గించేశారు. ఎడ్జ్ నాకు వస్తుందా?

రాదు. కనీసం 1 బ్లీడ్ జరిగితేనే ఎడ్జ్. అది చేతిలో ఉంటే మీ అన్‌లాక్ ఫేజ్‌లో ఒక పూల్ వస్తుంది. ఓటింగులో దాన్ని వదిలేసి ఒక ఓటుగా కూడా వాడుకోవచ్చు.

ఫ్రీక్ డ్రైవ్‌తో వాంపైర్ అన్‌లాక్ అయింది. మళ్లీ బ్లీడ్ చేయనా?

వద్దు. ఒక మినియన్‌కు వంతుకు ఒక్క బ్లీడే, ఎన్నిసార్లు అన్‌లాక్ అయినా. రాజకీయ చర్యా అంతే. వేటాడటం, ఆయుధం తెచ్చుకోవడం లాంటి వేరే పని చేయించవచ్చు.

నా వాంపైర్‌కు రక్తం సున్నా. ముందు మిగతావాటితో పని చేయించుకుని చివర్లో వేటకు పంపవచ్చా?

పంపకూడదు. రక్తం లేని వాంపైర్ వేటకే వెళ్లాలి, అదీ మిగతా చర్యల కంటే ముందు. ఆకలి ఆగదు.

పెద్ద దెబ్బ తగిలింది. నా వాంపైర్ చచ్చిందా, టార్పర్‌కు (కదలలేని నిద్రలోకి) వెళ్లిందా?

మామూలు దెబ్బ వాంపైర్‌ను ఎప్పటికీ చంపదు. ఒక్కో దెబ్బకు ఒక్కో రక్తం కాలుతుంది. రక్తం అయిపోయాక ఇంకా దెబ్బ మిగిలితే టార్పర్‌కు వెళ్తుంది. రక్తం సున్నా ఉన్న వాంపైర్‌కు ఐదు మామూలు దెబ్బలు తగిలినా టార్పరే.

అగ్రవేటెడ్ దెబ్బ వేరు. దాన్ని రక్తంతో మాన్పుకోలేరు. మొదటి దెబ్బకే వాంపైర్ గాయపడుతుంది, టార్పర్ ఖాయం. ఆ పైన ప్రతి అగ్రవేటెడ్ దెబ్బకూ నాశనం కాకుండా ఒక రక్తం కాల్చాలి. 3 రక్తం ఉన్న వాంపైర్‌కు 2 అగ్రవేటెడ్ దెబ్బలు తగిలితే, మొదటిది గాయం, రెండోదానికి ఒక రక్తం. రెండు రక్తాలతో టార్పర్‌కు పోతుంది. అదే సున్నా రక్తంతో 2 తింటే బూడిదే. రెండు రకాలూ కలిసి తగిలితే మామూలు దెబ్బల లెక్క ముందు తేల్చాలి. ఈ క్రమం మార్చి లెక్కవేసి బతికించుకున్న వాంపైర్లు మన బల్ల దగ్గర చాలానే ఉన్నాయి.

దూరం నుంచి పోరాడుతున్నప్పుడు చేత్తో కొట్టవచ్చా? ముందు ఎవరు చెప్పాలి?

పోరు దగ్గరగానే మొదలవుతుంది. ఎవరైనా మెనూవర్ చేస్తేనే దూరం. దూరంలో చేతి దెబ్బకు ఫలితం లేదు. దూరం తేల్చేటప్పుడూ, దెబ్బ ఎంచుకునేటప్పుడూ, ఇంకో రౌండు కోసం ప్రెస్ చేసేటప్పుడూ ముందు మాట్లాడాల్సింది చర్య చేసిన మినియన్. దెబ్బలు ఎంచుకున్నాక మామూలుగా ఒకేసారి పడతాయి. ఫస్ట్ స్ట్రైక్ ఉంటే అది ముందు పడుతుంది. అయినా డాడ్జ్ చేసినవాడికి (తప్పుకున్నవాడికి) తగలదు. ‘కంబాట్ ఎండ్స్’ (పోరును ముగించేది) అన్నిటికంటే ముందు.

టార్పర్ నుంచి లేవబోతుంటే బ్లాక్ చేశారు. పోరాటం మొదలుపెట్టవచ్చా?

అక్కడ పోరు లేదు. టార్పర్ నుంచి తనంతట తాను లేవడానికి 2 రక్తం కావాలి, ఆ చర్యకు 1 స్టెల్త్ ఉంటుంది. దాన్ని ఒక వాంపైర్ బ్లాక్ చేస్తే, పడి ఉన్నదాన్ని అక్కడికక్కడే డయాబ్లెరీ చేసే (రక్తం తాగి అంతం చేసే) అవకాశం బ్లాక్ చేసినవాడికి వస్తుంది. వద్దనుకుంటే చర్య విఫలమైందంతే. బ్లాక్ అయిన చర్యకు ఖర్చు కట్టక్కర్లేదు కాబట్టి ఆ రెండు రక్తాలూ మిగులుతాయి. వేరే వాంపైర్ వచ్చి లేపబోతుంటే మాత్రం అది మామూలు చర్య, బ్లాక్ అయితే మామూలు పోరే.

డయాబ్లెరీ చేసినవాడు బాధితుడి రక్తం మొత్తం తీసుకుంటాడు, సామర్థ్యం మించింది పోతుంది. బాధితుడి ఆయుధాలు కూడా తీసుకోవచ్చు. తన కంటే పెద్ద సామర్థ్యం ఉన్నదాన్ని తాగితే ఒక డిసిప్లిన్ (శక్తినిచ్చే) మాస్టర్ కార్డు తెచ్చుకునే వీలుంది. ఆ వెంటనే బ్లడ్ హంట్ ఓటింగు జరుగుతుంది. అందరూ ‘పోనీలే’ అని ముందుకు వెళ్లిపోతున్నారు. అది తప్పనిసరి. నెగ్గితే తాగినవాడు కాలిపోతాడు. ఓట్లు ఎవరి చేతుల్లో ఉన్నాయో చూసుకోకుండా తాగవద్దు.

లాక్ అయిన ప్రిన్స్ ఓటు వేయవచ్చా?

నిక్షేపంగా. ఓటు వేయడానికి రెడీ ప్రాంతంలో ఉంటే చాలు, అన్‌లాక్ అయి ఉండనక్కర్లేదు. టార్పర్‌లో ఉన్నవాడికే ఓటు లేదు. వాంపైర్ పదవిని బట్టి ఓట్లు: ప్రైమోజెన్‌కు 1, ప్రిన్స్‌కు 2, జస్టికార్‌కు 3, ఇన్నర్ సర్కిల్‌కు 4. బిషప్‌కు 1, ఆర్చ్‌బిషప్‌కు 2, కార్డినల్‌కు 3, రీజెంట్‌కు 4. బారన్‌కు 2. వీటికి తోడు చేతిలోని పొలిటికల్ యాక్షన్ కార్డు ఒకటి కాల్చి ఒక ఓటు వేయవచ్చు, ఒక్కొక్కరికి ఒకటే. చర్యను కార్డుతో మొదలుపెట్టినవాడికి ఆ కార్డే ఆ ఒక్క ఓటు.

వేసిన ఓటు మార్చడానికి లేదు. సమానంగా వస్తే ఓడినట్టే. ఇంకొకటి, చాలామందికి తెలియనిది: ‘కైన్ రిసోర్సెస్ కంటెస్టెడ్’ లాంటి కార్డులో ఎవరికి ఎన్ని దెబ్బలో చెప్పాల్సింది చర్య నెగ్గి ఓటింగు మొదలయ్యేటప్పుడు. అందరూ బ్లాక్ చేయాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు ‘ఎవరికి వేస్తున్నావో ముందు చెప్పు’ అని నిలదీయకండి. చెప్పాల్సిన పని లేదు. చెప్పినా ఆ మాట మీద నిలబడక్కర్లేదు.

మరి మాట ఇచ్చి తప్పితే? ‘నన్ను బ్లీడ్ చేయకు, నీకు ఓటు వేస్తాను’ అని ఒప్పుకుని వేయలేదు.

నియమాల ప్రకారం ఏ ఒప్పందానికీ కట్టుబాటు లేదు. పంచాయితీ పెట్టి తీర్పు చెప్పమని పెద్దవాళ్ల దగ్గరికి తీసుకురావద్దు. నా అభిప్రాయం అడిగితే, ఒప్పందాలు ఒక్క వంతుకు మించి చేసుకోకండి. ‘ఆట అయ్యేవరకు’ అన్న మాట నిలబడగా నేను చూడలేదు, ముఖ్యంగా బావామరదుల మధ్య.

మాస్టర్ కార్డు ఎదుటివాడి వంతులో వేశాను. నా వంతులో ఇంకొకటి వేయవచ్చా?

మామూలుగా వంతుకు ఒక మాస్టర్ చర్య. ‘సడన్ రివర్సల్’ లాంటి అవుట్-ఆఫ్-టర్న్ కార్డు ఎదుటివాడి వంతులో వేస్తే మీ తర్వాతి వంతులోని ఆ అవకాశాన్ని ముందే వాడేసుకున్నట్టు. అది తీరేదాకా రెండోది వేయలేరు. మీ సొంత వంతులో అసలే వేయలేరు. ట్రైఫిల్ అని రాసి ఉన్న మాస్టర్ కార్డు వేస్తే ఆ ఫేజ్‌లో ఇంకొక్క చర్య దొరుకుతుంది. రెండో ట్రైఫిల్ వేసినంత మాత్రాన మూడోది రాదు.

ఇద్దరి దగ్గరా ఒకే వాంపైర్ ఉంది. ముందు తెచ్చినవాడిదేనా?

ఎవరిదీ కాదు, ఇద్దరిదీ తగువులో పడుతుంది. రెండు కార్డులూ బోర్లా తిప్పాలి. ప్రతి అన్‌లాక్ ఫేజ్‌లో ఇద్దరూ చెరో పూల్ కడుతూ పోవాలి, లేదా వదులుకోవాలి. వదులుకున్నవాడి కార్డు కాలిపోతుంది. వాంపైర్ కార్డు మీది గ్రూపు అంకె వేరైనా పేరు ఒకటే అయితే తగువే. గట్టు తగాదా కోసం పొలం అమ్ముకున్నట్టు పంతానికి పోయి పూల్ మొత్తం కట్టినవాళ్లున్నారు. రెండు సార్లు కట్టాక మానేయడం నయం.

గ్రూపు అన్నాం కాబట్టి: క్రిప్ట్‌లో కనీసం 12 కార్డులుండాలి. అవన్నీ ఒకే గ్రూపువో, పక్కపక్క అంకెల రెండు గ్రూపులవో కావాలి. 4, 5 చెల్లుతాయి. 4, 6 చెల్లవు. లైబ్రరీ 60 నుంచి 90. ఒకే కార్డు ఎన్ని పెట్టుకున్నా హద్దు లేదు.

సఖినేటిపల్లి రేవులో చివరి పంటు అందుకోవాలి. ఆట మధ్యలో ఆపేస్తే ఎవరు గెలిచినట్టు?

ముందే రెండు గంటల గడువు పెట్టుకోండి, పోటీల్లోనూ అంతే. గడువు అయ్యేసరికి మిగిలి ఉన్న ప్రతి ఒక్కరికీ అర పాయింటు. ఆట గెలిచినట్టు రాసుకోవాలంటే కనీసం 2 పాయింట్లు ఉండాలి, అవి అందరికంటే ఎక్కువ కావాలి. లేకపోతే ఆ ఆటలో విజేత లేడు. గడువు పెట్టకుండా మొదలుపెట్టి, నరసాపురం వాళ్లు సంచి సర్దుకోగానే ‘నేనే ముందున్నాను’ అనడం కుదరదు.

సంక్రాంతికి డబ్బు పెట్టి ఆడదామా?

వద్దు. పందేలకు పండగలో వేరే బరులున్నాయి.

ఐదుగురు ఆడే ఆట కదా, ఆరుగురు వస్తే ఎలా?

ఐదుగురు ఉంటే ఆట బాగా పండుతుంది, నలుగురితోనూ బాగుంటుంది. ఎనిమిది మంది వస్తే రెండు బల్లలు, తొమ్మిది మందికి నాలుగు, ఐదు. ఆరు, ఏడు, పదకొండు మందిని మాత్రం నాలుగులుగా, ఐదులుగా విడదీయడానికి కుదరదు. ఆరుగురు వస్తే ఒకరు ఆటకు దూరంగా కూర్చుని రూల్‌బుక్ పట్టుకోండి, తర్వాతి ఆటకు వేరొకరు. ఏడుగురైతే ఇద్దరు. కూర్చున్నవాళ్లు పూతరేకులు తినవచ్చు, కానీ నేతి చేత్తో ఎవరి కార్డులూ ముట్టుకోకూడదు. ఎవరి చేతిలో ఏముందో చూసి నవ్వకూడదు కూడా.